కృపె మీది ఎత్వం

మునిరాజు స్క్రూడ్రైవరు పిడిని అరచేతితో అదిమిపట్టి, తుప్పు పట్టిన స్క్రూను పావు వంతు తిప్పాడు. అది కిర్రుమంది. వెనక్కి తిప్పాడు, మళ్లీ ముందుకు తిప్పాడు. మొండి స్క్రూలతో ఆయన పోట్లాడడు, బుజ్జగిస్తాడు. అటూ ఇటూ కాసేపు ఆడించేసరికి అది తనంతట తానే మనసు మార్చుకున్నట్టు ఊడివచ్చి చేతిలో పడింది. దాన్ని కొబ్బరి చిప్పలో వేసి, పక్కదాని పని పట్టాడు.

స్కూటరు పక్కన స్టెల్లా హెల్మెట్ చంకలో పెట్టుకుని నిలబడి ఉంది. బండి ఆమెదే.

“ఇదంతా విప్పడం దేనికన్నా? బండి మీదే ఆ వేడిగాలి కొట్టి స్టిక్కరు లాగెయ్యొచ్చుగా?”

“లాగెయ్యొచ్చు సిస్టరమ్మా. అయితే ఈ బండి కడుపులో పెట్రోలు ఉండాది. దాని ఆవిరి కంటికి కనపడదు. అట్లాంటి చోట నిప్పులాంటి గాలి కొడితే స్టిక్కరూ లేస్తాది, మనమూ లేస్తాం.”

స్టెల్లా ఒక అడుగు వెనక్కి వేసింది.

“ఆ వేడిగాలి గన్ను ఇంకా ఇంట్లోనే ఉండాదమ్మా,” అని నవ్వాడు మునిరాజు.

చందాపుర అనే కన్నడ ఊళ్లో, మెయిన్ రోడ్డు చప్పుడు సగం మాత్రమే వినిపించే సందులో ఆయన ఇల్లు. ఇంటి ముందు రాతి అరుగు. దాన్ని ఆయన జగలి అంటాడు. ఆ జగలే ఇప్పుడు ఆయన అంగడి. ఒకప్పుడు సర్కిల్ దగ్గర నిజంగానే అంగడి ఉండేది. అక్షరాలను కంప్యూటరు కోసే మిషన్లు వచ్చాక చుట్టుపక్కల వాళ్లందరూ వాటికి మారారు. మునిరాజు మాత్రం బ్లేడునే నమ్ముకుని, చివరికి అంగడిని ఇంటికి తెచ్చుకున్నాడు. అంతకుముందు, కుర్రతనంలో, బొమ్మసంద్రలో వైర్ల ఫ్యాక్టరీలో పనిచేశాడు. వైరు అతుకు మీద సన్నటి ప్లాస్టిక్ గొట్టం తొడిగి వేడిగాలి కొడితే, అది ముడుచుకుపోయి అతుకును గట్టిగా కరుచుకుంటుంది. హీట్ గన్ను ఆయన చేతికి వచ్చింది అక్కడే. వేడి ఎంత మంచి పనివాడో, ఎంత మాట వినని పనివాడో తెలిసిందీ అక్కడే. ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు. చూశాడు, కాల్చుకున్నాడు, మళ్లీ చూశాడు.

స్క్రూలన్నీ ఊడాక, స్కూటరు ముందున్న తెల్లటి ప్లాస్టిక్ పలకను పసిబిడ్డను ఎత్తినట్టు రెండు చేతులా ఎత్తి జగలి మీదికి తెచ్చాడు. దాని మీద ఎర్రటి అక్షరాలు. ఎర్రటివి అనడమే గానీ, ఎండకు వెలిసి వెలిసి అవి పాత పెంకు రంగుకు వచ్చాయి. ‘దేవుని కృపె’. కింద మూలన అదే రంగులో అరచేతిలో ఇమిడేంత చిలుక.

చిలుక మునిరాజు గుర్తు. ఆయన కోసిన ప్రతి స్టిక్కరు కింద ఒక చిలుక ఉండేది. ఇప్పుడు రోడ్డు మీద ఆ చిలుకలు అరుదైపోయాయి. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు ఆయన కళ్లు ఇప్పటికీ పక్క బండ్ల మీద వాటినే వెతుకుతాయి.

ఇక ‘కృపె’ సంగతి. మునిరాజుకు ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం. తెలుగు అక్షరాలు బస్సుల మీద, పోస్టర్ల మీద చూసి సొంతంగా పట్టుకున్నవి. కొన్నేళ్ల కిందట స్టెల్లా వచ్చి ‘దేవుని కృప’ అని రాయమంటే, ఆయన చెవి కృప అనే వింది, చెయ్యి మాత్రం కన్నడం వాళ్లు అనేట్టు కృపె అని కోసింది. స్టెల్లా డ్యూటీ హడావుడిలో చూసుకోలేదు. ఆదివారం చర్చి ముందు బండి ఆపాక నలుగురూ నవ్వితే అప్పుడు చూసుకుంది. మార్పించుకుందామని అనుకునేలోపే, ఆమె తిరిగే అపార్టుమెంట్ల గేటు కాపలావాళ్లు ఆమెను ‘కృపె సిస్టర్’ అని పిలవడం మొదలుపెట్టారు. చీమకుర్తి నుంచి నర్సింగ్ చదివి వచ్చి, ఎలక్ట్రానిక్ సిటీ ఆసుపత్రిలో ఎవరికీ పేరు తెలియకుండా పనిచేసిన మనిషి, ఇళ్లకు తిరిగి కట్లు కట్టే పనిలో పడ్డాక ఊరంతటికీ ఒక పేరుతో తెలిసింది. ఇక మార్చలేదు.

మునిరాజుకు మాత్రం అది పంటిలో ఇరుక్కున్న పీచులా ఉండిపోయింది. ఆమె సందులోంచి వెళ్తే చాలు, “సిస్టరమ్మా, ఒక్క నిమిషం నిలబడు, ఆ ఎత్వం తీసి తలకట్టు పెట్టేస్తా,” అని వెంటపడేవాడు. ఆమె హారన్ కొట్టి వెళ్లిపోయేది.

ఈ రోజు ఆమే వచ్చి నిలబడింది. మధ్యాహ్నం షోరూమ్ మనిషి కొత్త బండి తెచ్చి ఇచ్చి పాతదాన్ని తీసుకుపోతాడు. పాత స్టిక్కరు చిరగకుండా కొత్త బండి మీదికి రావాలి. ఈ సాయంత్రంలోగా.

“కొత్తది కోసిస్తా గదమ్మా,” అన్నాడు మునిరాజు, ఎర్ర స్టిక్కరు రోలు విప్పి పలక పక్కన పెట్టి చూపిస్తూ. అన్నాక తనే చూశాడు. రోలు టమాటా పండులా ఉంది. స్టిక్కరు పెంకులా ఉంది. ఆ మాట మళ్లీ ఎత్తలేదు.

“పెద్దమునియప్ప తాత కోసం అన్నా,” అంది స్టెల్లా. “జిగణిలో ఉంటాడు. సుగర్ పుండు, కాలికి. పగలంతా ఒక్కడే ఇంట్లో. ఎవడో గ్యాస్ పొయ్యి బాగుచేస్తానని వచ్చి ఇత్తడి బిందె ఎత్తుకుపోయాడంట. అప్పట్నుంచి ఎవరొచ్చినా తలుపు తియ్యడు. చూపు ఆనదు, చెవి అంతంతే. కిటికీలోంచి తెల్ల బండి మీద ఈ రంగు కనబడితేనే గడియ తీస్తాడు. పోయిన వారం నా బండి రిపేరుకిస్తే మా తమ్ముడు ఇమ్మానుయేలు బైకు మీద వెళ్లాను. ‘కృపె సిస్టర్‌వైతే నీ బండేదీ?’ అని లోపల్నుంచి అరిచి, తియ్యలేదు. మర్నాడు నా బండి మీద వెళ్లి కట్టు విప్పితే పుండు పచ్చిగా అయిపోయి ఉంది. ఈ సాయంత్రం మళ్లీ కట్టు మార్చాలి.”

మునిరాజు రోలు చుట్టి లోపల పెట్టేశాడు.

పని మొదలుపెట్టే ముందు ఆయన చేసే పనులు చూస్తే పూజకు సర్దుతున్నాడనుకుంటారు. జగలి మీద ఉన్న పాత పేపర్లు లోపలికి పోయాయి. తిన్నరు సీసా పెరట్లోకి పోయింది. ద్వారానికి వేలాడే పరదాను పైకెత్తి మేకుకు ముడివేశాడు. గాలి వీధివైపు పోయేలా వెనకాల చిన్న ఫ్యాను పెట్టాడు. ముక్కుకు మాస్కు, చేతికి తోలు గ్లవుజు.

“చున్నీ వెనక్కి కట్టుకోమ్మా. గన్ను మూతి ముందర వేలాడేది ఏదీ ఉండకూడదు.”

ఎదురింటి గంగప్ప అప్పుడే వీధి దాటి వచ్చాడు. బస్సు కండక్టరుగా రిటైరైన మనిషి. ఎక్కడ పని జరుగుతున్నా టికెట్ లేకుండా ఎక్కేస్తాడు.

“ఏమప్పా మునిరాజా, ఇంత ఏర్పాటా? నేను ఆన్‌లైన్‌లో తెప్పించినా గదా గన్ను, డబ్బా విప్పినా, కొట్టినా, అయిపోయె.”

లోపలినుంచి మునిరాజు భార్య వెంకటలక్ష్మి గొంతు వినబడింది. “ఏమైపోయె? తడి చొక్కా ఆరబెట్టబోయి జేబుకు కిటికీ పెట్టినావంట గదన్నా?”

“అది చొక్కా తప్పు. పాలిస్టరు.”

“ఎక్స్‌టెన్షన్ బోర్డు కూడా పాలిస్టరేనా? కరిగి నేలకు అంటుకుందని వదిన చెప్పె.”

గంగప్ప స్టెల్లా వైపు తిరిగి, “చూస్తివా సిస్టరమ్మా, ఈ సందులో రహస్యం నిలవదు,” అన్నాడు.

“ఇది ఇస్త్రీపెట్టె కన్నా ఎక్కువ కరెంటు తాగుతాది గంగప్పన్నా,” అన్నాడు మునిరాజు. గన్ను వైరును వేళ్ల మధ్య పెట్టి చివరిదాకా తడిమి చూసి, గోడకున్న పెద్ద సాకెట్లో నేరుగా పెట్టాడు. “సన్న వైరు బోర్డులకు ఆగదు. ఇంగ దీంతో తల ఆరబెట్టుకోవాలని మాత్రం అనుకోవద్దు.”

“తల్లో ఏముండాదప్పా ఆరబెట్టేదానికి?” అని గంగప్ప తన బట్టతల నిమురుకున్నాడు.

ముందుగా మునిరాజు పలక మీద పల్చటి వెన్న కాగితం పరిచి, పెన్సిలుతో ప్రతి అక్షరం అంచునూ గీసుకున్నాడు. ఏది ఎక్కడ కూర్చుందో, ఎంత ఎడంగా కూర్చుందో అంతా ఆ కాగితం మీదికి వచ్చింది. దాన్ని పక్కన పెట్టి గన్నును తక్కువ వేడిలో వేశాడు. అది గురకపెట్టినట్టు మోగింది. మూతి లోపల తీగ చుట్ట ఎర్రబడింది.

గన్నును పలకకు జానెడు దూరంలో పట్టుకుని, రంగు వేసేవాడి బ్రష్షులా అటూ ఇటూ కదుపుతూ పోయాడు. చెయ్యి ఒక్క క్షణం కూడా ఒకచోట ఆగలేదు.

“ఒకేచోట నిలిపితే?” అడిగింది స్టెల్లా.

“పలక అప్పడం మాదిరి పొంగుతాది. స్టిక్కరు ముడుచుకుంటాది. ఇంకా కొడితే పొగ వస్తాది, ఆ పొగ మంచిది కాదు.” గన్ను పక్కకు తిప్పి, గ్లవుజు లేని చేతి వెనక భాగాన్ని పలకకు దగ్గరగా పెట్టి చూశాడు. “నువ్వు జ్వరం చూస్తావే, అట్ల. చురుక్కుమనకూడదు, వెచ్చగా ఉండల్ల.”

“నూట రెండుంటుందా?”

“దానికి మాత్రలొద్దు గానీ, ఈ దారం పట్టుకో.”

వెచ్చబడ్డ ‘దే’ మూలను పాత ఏటీఎం కార్డు అంచుతో కొద్దిగా లేపి, దాని కిందికి నైలాను దారం పోనిచ్చాడు. స్టెల్లా ఒక కొస, ఆయన ఒక కొస. రంపంలా లాగకుండా, జోల పాడినట్టు నెమ్మదిగా ఊపుతూ దారాన్ని కిందికి దించారు. ఎన్నో ఏళ్ల ఎండ తిన్న అక్షరం చల్లగా ఉంటే పెళుసుగా విరిగిపోతుంది. వెచ్చగా ఉంటే దోసె అంచులా లేస్తుంది. ‘దే’ పూర్తిగా లేచింది. మునిరాజు దాన్ని నున్నటి మైనపు కాగితం మీద పరిచాడు. గంగప్ప గట్టిగా ఊపిరి వదిలాడు. అంతసేపూ ఆయన ఊపిరి బిగబట్టి ఉన్నాడని అప్పటిదాకా ఎవరికీ తెలియలేదు.

‘వు’ వచ్చింది. ‘ని’ వచ్చింది. ‘కృ’ కింద ఉన్న సుడి దగ్గర కాస్త మొండికేసింది, మళ్లీ వెచ్చబెడితే దిగివచ్చింది. మధ్యలో గంగప్ప ఇంటికి వెళ్లిపోయాడు. కంటిలో మందు వేసుకునే వేళయింది, శుక్లం తీయించుకోవడానికి డాక్టరు రోజు చెప్పాడు. స్టెల్లాకు ఫోను వస్తే సందు చివరిదాకా నడుస్తూ మాట్లాడింది.

వెంకటలక్ష్మి కాఫీ తెచ్చి భర్త పక్కన పెట్టింది. “ఆరిపోతాది, తాగయ్యా.”

“ఇంకో అక్షరం ఉండాది.”

“ఆరినాక తాగి, చల్లకాఫీ పోసిందని నన్నంటావు.”

ఆయన తాగలేదు. స్టెల్లా తిరిగి వచ్చేసరికి ‘ప’ లేచింది, చిలుక లేచింది. ఇక మిగిలింది ప మీద విడిగా కూర్చున్న ఎత్వం. ఆ కొక్కెం. ఇన్నేళ్లు ఆయన పంటిలో ఇరుక్కున్న పీచు. దాన్ని ఆయన మిగతావాటికన్నా జాగ్రత్తగా లేపాడు. మైనపు కాగితం అంచు దగ్గర పెట్టాడు. వీపు నిటారుగా చేసి, గన్ను మీట సగానికి తిప్పాడు. చల్లగాలి మొదలైంది. ఆయన ఎప్పుడూ గన్నును కాసేపు చల్లగాలిలో తిప్పి, తర్వాత ఆపి, మూతి ఆకాశం వైపు ఉండేలా ఇనుప స్టాండులో నిలబెడతాడు. ఆ స్టాండు ఇప్పుడు పలక కింద ఆసరాగా ఇరుక్కుని ఉంది. దాన్ని తీయాలంటే రెండు చేతులూ కావాలి.

“కొంచెం పట్టుకోమ్మా ఇది. ఆరినాక పక్కన పెట్టు.”

స్టెల్లా గన్ను అందుకుంది. మూతిలోకి ఓరగా చూసింది. ఎర్రటి తీగ నల్లబడింది. మీట కిందికి నొక్కింది, చప్పుడు ఆగింది.

“ఆరిందా?” అన్నాడు మునిరాజు, పలక కింద తల పెట్టి.

“ఆరిందన్నా,” అంది స్టెల్లా. గన్నును జగలి మీద అడ్డంగా పెట్టింది.

వాసన ముందు మునిరాజు ముక్కుకే తగిలింది. తల ఎత్తాడు. గన్ను మూతి మైనపు కాగితం అంచు మీద ఉంది. స్టెల్లా దాన్ని మూతి పట్టుకుని పక్కకు జరపబోతోంది.

“ముట్టుకోవద్దు!”

ఆమె చెయ్యి గాల్లోనే ఆగింది. మునిరాజు పిడి పట్టుకుని గన్నును ఎత్తి స్టాండులో నిలబెట్టాడు. కాగితం మీద ఎత్వం లేదు. దాని చోట ఎండుమిరప గింజంత ఉండ ఒకటి ముడుచుకుని ఉంది.

“ఆరిందన్నావు గదమ్మా!”

“ఆరిందిగా! లోపల ఎర్రగా ఉన్నదంతా ఆరిపోయింది. నేను చూసే ఆపాను.”

“ఆపితే ఆరినట్టా?”

“మరి? లైటు ఆపితే ఆరినట్టు కాదా?”

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. గడపలో నిలబడ్డ వెంకటలక్ష్మి భర్త ముందున్న కాఫీ గ్లాసు ఎత్తి, అందులో వేలు ముంచి చూపించింది.

“ఇదీ ఆరేదంటే, సిస్టరమ్మా. మావైపు కాఫీ ఆరుతాది, అన్నం ఆరుతాది. మీవైపు దీపం ఒక్కటే ఆరుతాదేమో.”

“మేం చల్లారింది అంటాం అక్కా,” అంది స్టెల్లా. “దేవుడా. నా చేతులారా కాల్చేశాను.”

“నీ వేళ్లు మిగిలినాయి, అది చాలు,” అన్నాడు మునిరాజు. “మాట నాది. చల్లబడేదాకా చేతిలో పెట్టుకోమని సాఫుగా చెప్పాల్సింది.”

మందు వేసుకుని, నల్ల కళ్లద్దాలు పెట్టుకుని వచ్చిన గంగప్ప సంగతి విని జగలి మీద చతికిలబడ్డాడు. విషయం అర్థమయ్యాక ఆయన ముఖం వెలిగింది.

“మంచిదే ఆయె గదప్పా! ఇన్నేండ్లు ఆ తప్పు తీయల్ల తీయల్ల అంటా ఉంటివి. అదే పోయె. కృప అని తలకట్టు పెట్టెయ్, అయిపోయె.”

స్టెల్లా కూడా తలవంచుకుని, “అవునన్నా. తప్పు చేసింది నేనే. కృప అనే పెట్టు,” అంది.

మునిరాజు ఎర్ర రోలులోంచి తలకట్టు ఒకటి టక్కున కోశాడు. ప మీద పెట్టాడు. అక్షరం నిజంగానే తప్పు లేకుండా కూర్చుంది. ఆయన లేచి, కాగితాన్ని అరుగు గోడకు ఆనించి, సందు మధ్యలోకి నడిచి, కళ్లు సగం మూసి చూశాడు. పెంకు రంగు వరసలో కొత్త తలకట్టు నుదుటి బొట్టులా మెరుస్తోంది. అదీ కాక, అన్నిటికన్నా ఎత్తుగా లేచి కనబడే ఆ కొక్కెం లేకపోతే, దూరంనుంచి ఆ మాట ఒడ్డూ పొడుగూ తగ్గిపోయి ఇంకెవరిదో అయిపోయింది. చూపు ఆనని ముసలాయన అక్షరాలు చదవడు. ఆకారం చూస్తాడు.

తిరిగి వచ్చి తలకట్టును గోటితో లేపి పారేశాడు.

“ఆ రంగు ఇంకెక్కడ దొరుకుతాది?” అన్నాడు గంగప్ప. “అది కంపెనీ చేసింది కాదు, ఎండ చేసింది.”

మునిరాజు మైనపు కాగితం మీది చిలుక వైపు చూస్తున్నాడు. అదే రోలు, అదే రోజు కోసింది, అదే ఎండ తిన్నది. వీపు నుంచి తోక దాకా ఒంపు తిరిగిన చిలుక.

స్టెల్లాకు ఆయన చూపు అర్థమైంది. “వద్దన్నా. అది నీ గుర్తు. అది కూడా కొత్త బండి మీదికి రావాలనే అనుకున్నాను.”

“దానికి తలుపు తీసేవాడు ఎవడూ లేడమ్మా,” అన్నాడు మునిరాజు.

వెన్న కాగితం మీద పెన్సిలు గీతలో ఎత్వం పాత కొలతతో అలాగే ఉంది. ఆ గీతను చిలుక వీపు మీద పరిచి, ఇటు తిప్పి అటు తిప్పి, ఒంపుకు ఒంపు కలిపాడు. ఇప్పుడు గన్ను అక్కరలేదు. చిలుకను అరచేతుల మధ్య పెట్టుకుని కాసేపు వెచ్చబరిచాడు. బ్లేడు అరిగిన కొసను విరిచి కొత్త మొన తెచ్చాడు. ఒక్కసారే, ఆగకుండా, ఊపిరి వదులుతూ కోశాడు. మొదటిసారి తెలియక కోసిన తప్పును ఈసారి తెలిసి కోశాడు. ఇంకా నున్నగా వచ్చింది.

ఎత్వం ప మీద కూర్చుంది. చిలుకకు తల, ముక్కు మిగిలాయి. వెంకటలక్ష్మి ఆ ముక్క తీసుకుని లోపలికి వెళ్లింది. ఫ్రిజ్ తలుపు మీద అరచేత్తో అంటించిన చప్పుడు బయటికి వినబడింది.

పాత పలకను మునిరాజు తుడిచి మళ్లీ స్కూటరుకు బిగించాడు. కొబ్బరి చిప్పలో ఒక్క స్క్రూ కూడా మిగల్లేదు. షోరూమ్ మనిషి కొత్త బండి తెచ్చాడు. అదీ తెల్లదే. పాతదాని మీద ఎక్కి బయలుదేరుతూ, పలక మీద అక్షరాలున్న చోట మిగిలిన లేత మచ్చ చూసి, ఏం రాసి ఉండేది అని అడిగాడు.

“స్పెల్లింగ్ మిస్టేక్,” అంది స్టెల్లా. చాలాసేపటి తర్వాత ఆమె నవ్వింది అప్పుడే.

కొత్త బండి మీద గన్ను ముట్టలేదు. దానికీ పెట్రోలు కడుపే. మధ్యాహ్నపు ఎండలో బండి ముఖం అప్పటికే వెచ్చబడి ఉంది. మునిరాజు దాన్ని సబ్బు నీళ్లతో కడిగి, ఆరబెట్టి, పాత జిగురు సన్నగిల్లిన అక్షరాల వెనక పల్చగా కొత్త జిగురు పూసి, వెన్న కాగితం గీతల ప్రకారం ఒక్కొక్కటే దించాడు. కార్డుకు మెత్తటి గుడ్డ చుట్టి, మధ్యనుంచి అంచుకు గాలి తోసేశాడు. అన్నిటి మీదా పారదర్శకమైన ఫిల్ము ఒకటి పరిచి చుట్టూ అదిమాడు. స్టెల్లా జగలి వైపు తల తిప్పి, స్టాండులో నిలబడ్డ గన్నును చూపించి అడిగింది.

“ఆరిందా అన్నా?”

మునిరాజు చెయ్యి దూరంగా పెట్టి వేడి చూసి, “చల్లారిందండీ,” అన్నాడు ఆమె యాసలో. వెంకటలక్ష్మి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆయన గన్ను వైరు వదులుగా చుట్టి, డబ్బాలో పెట్టి, డబ్బాను అటక మీద పెట్టాడు.

షోరూమ్ మనిషి రాకముందే పాల ప్యాకెట్టుకని వెళ్లిన గంగప్ప అప్పుడే సందు మలుపు తిరిగి వస్తున్నాడు. మందు వేసిన కళ్ల మీంచి నల్లద్దాలు తీసి చొక్కా జేబుకు తగిలించుకుని ఉన్నాడు. అక్కడినుంచే నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకుని చూశాడు.

“ఏమప్పా మునిరాజా,” అని అరిచాడు, “షోరూమ్ వాడు ఇంకా రాలేదా? సిస్టరమ్మ పాత బండి ఇంకా అక్కడే ఉండాదే?”

స్టెల్లా వేళ్లతో పెదవులు నొక్కుకుని కొత్త బండి వైపు చూసింది. మునిరాజు ఆ మాటను మరోసారి మనసులో వేసుకున్నట్టు, కొద్దిగా తల ఆడించాడు.

“రెండు దినాలు నీళ్ల పైపుతో కొట్టొద్దమ్మా. తుడిస్తే తడి గుడ్డతో, మధ్యనుంచి బయటికి,” అన్నాడు.

ఎత్వం మీద పడ్డ దుమ్మును బొటనవేలితో ఒక్కసారి తుడిచి, తాళంచెవి ఆమె చేతిలో పెట్టాడు.